ఐలీన్ మన మనిషే

మొన్న ఇక్కడ డబ్లిన్‌లో మన ఉగాది సాహిత్య సభలో ఐరిష్ రచయిత్రి క్లేర్ కీగన్ నవలిక 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' గురించి మాట్లాడుకున్నాం కదా, చివర్లో ఒక పెద్దాయన మైకు తీసుకుని "వీళ్ళ మతంలో ఇంత క్రూరత్వమా! మన సంస్కృతిలో ఇలాంటివి ఉండవండీ" అన్నారు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన కోపంలో న్యాయం ఉంది, కాదనను. 'చెడిపోయార'ని ముద్రవేసిన ఆడపిల్లల్ని బంధించి, జీతం లేకుండా బట్టలుతికించిన ఆ మాగ్డలీన్ లాండ్రీలు నడిపింది నన్‌లే, ప్రభుత్వానికీ అందులో చేయి ఉంది. ఆఖరిది ఇదే డబ్లిన్‌లో మూతపడింది 1996లో, అప్పటి ఐర్లండ్ ప్రధాని ఎండా కెన్నీ క్షమాపణ చెప్పేసరికి 2013 వచ్చింది. కానీ కథలో నన్‌లు కనిపించేది కాసేపే. 1985 క్రిస్మస్ రోజులు, న్యూ రాస్ అనే ఐరిష్ ఊళ్ళో బొగ్గులమ్మే బిల్ ఫర్లాంగ్ కాన్వెంటు బొగ్గుల కొట్టులో బంధించిన పిల్లని చూస్తాడు. ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు, ఊళ్ళో ఉన్న మంచి స్కూలేమో ఆ కాన్వెంటు పక్కనే, వాళ్ళ చేతిలోనే. నోరు విప్తే చిన్నవాళ్ళ సీట్లు? మనకెందుకీ గొడవ అంటుంది భార్య ఐలీన్. చెడ్డది కాదు పాపం, లెక్కగా సంసారం నడుపుకునే ఇల్లాలు. కాన్వెంటు సీటు కోసం మన అమ్మానాన్నలు ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నారో గుర్తుంటే, ఆవిడ మనకి అర్థం కాకపోవడమేంటి?

తెనాలి దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఒకతి ఉండేది. నాకు జడలేసేది, రిబ్బను ఎంత బిగించేదంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఒక వేసవిలో పనికి రావడం మానేసింది. నెల తప్పిందట. ఎవరివల్లో ఊరందరికీ తెలుసు, పదిమందికీ తగువులు తీర్చే పెద్దమనిషి. రాత్రికి రాత్రి వాళ్ళ కుటుంబాన్ని ఊరు దాటించేశారు. మా నాయనమ్మ ఒక సంచిలో బియ్యం, కారప్పొడి, రెండు పాత చీరలు సర్ది పెరటి గుమ్మంలోంచి పంపింది, ఎవరికంటా పడకుండా. ఆ నాయనమ్మే సంక్రాంతికి ఆ పెద్దమనిషి వస్తే వెండి గ్లాసులో కాఫీ ఇచ్చింది. మా నాయనమ్మంటే నాకు ప్రాణం, ఆవిణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు (పడుతున్నట్టే ఉందా?). ఫర్లాంగ్ తల్లి కూడా పదహారేళ్ళకే, పెళ్ళికాకుండానే కడుపుతో ఉన్న పనిమనిషే. విల్సన్ అనే యజమానురాలు ఆమెని ఇంట్లోనే ఉంచుకుంది, పిల్లాడు అక్కడే పెరిగాడు. మా ఇంట్లో పనిచేసిన అమ్మాయికి దొరికింది ఒక సంచి.

ఇక ఇక్కడి సంగతి. ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపులోంచి ఎవరి పేరు తీసేశారో మీకూ తెలుసు. భర్తని వదిలి వచ్చేసింది, ఆయన స్నేహితులు కమిటీలో ఉన్నారు. చిన్న సమాజం, ఒకరి ఉద్యోగం ఇంకొకరి రిఫరల్‌తో వచ్చిందే, మొహాలు చూసుకోవాలి, నిజమే. రెండు వైపులా వినాలంటారు, అదీ నిజమే. మరి ఆవిడ వైపు ఎవరు విన్నారు? శ్రావణమాసం పేరంటానికి ఆవిణ్ణీ పాపనీ పిలవండి. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవండి.