కామార్ణవుడు కోలారు నుంచి వచ్చాడా? మన విశాఖ రాగిరేకులు చెప్పేది వేరు

సింహాచలం గిరి ప్రదక్షిణ దగ్గరపడితే చాలు, గుడి ఫొటో కింద ఒక మెసేజ్ విశాఖ అంతా తిరగడం మొదలవుతుంది. ఈసారి మా చుట్టాల గ్రూపులో దాన్ని పెట్టింది మా పెద్ద మామయ్య. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: "కళింగ గాంగులు మన ప్రాంతం వాళ్ళు కాదు. 8వ శతాబ్దంలో కోలారు నుంచి కామార్ణవుడనే రాజు నలుగురు తమ్ముళ్ళతో వచ్చి, మహేంద్రగిరి దగ్గర శబరాదిత్యుణ్ణి ఓడించి గాంగ వంశాన్ని స్థాపించాడు. విశాఖపట్నంలో దొరికిన చోడగంగదేవుని రాగి శాసనమే దీనికి తిరుగులేని సాక్ష్యం. గాంగులు ఫలానా కులం వాళ్ళు."

కింద ముప్పై దండాలు, పది చప్పట్లు. నాకు మనసు ఊరుకోలేదు. మామయ్యా, మీరు పంపింది పూర్తి అబద్ధం కాదు. అందుకే దీన్ని ఓపిగ్గా విప్పి చూడాలి.

కళింగ గాంగులంటే ఒకప్పుడు ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా వైపు కళింగను ఏలిన రాజవంశం. చోడగంగదేవుడు ఆ వంశపు రాజు. కోలారేమో కర్ణాటకలోది. శాసనం ఉన్న మాట నిజమే. విశాఖపట్నం శాసనాలు అని పేరుపడ్డ అనంతవర్మ చోడగంగదేవుని రాగిరేకులు మూడు ఉన్నాయి. శక సంవత్సరాలు 1003, 1040, 1057, అంటే క్రీ.శ. 1081, 1118, 1135 ప్రాంతాలవి. వాటిని 19వ శతాబ్దం చివర్లో శాసన పరిశోధకుడు ఫ్లీట్ దొర చదివి అచ్చు వేయించాడు. కామార్ణవుడి కథ 1118 నాటి రేకుల్లో ఉంది. విష్ణువు, బ్రహ్మ, అత్రి, చంద్రుడు, బుధుడు, పురూరవుడు, యయాతి, తుర్వసుడు... ఇలా దిగుతుంది వరస. తుర్వసుడికి పిల్లలు లేక గంగను ఆరాధిస్తే గాంగేయుడు పుట్టాడట, అందుకే గంగ వంశం అయిందట. కొన్ని తరాల తర్వాత కోలాహలుడు గంగవాడిలో (ఇప్పటి దక్షిణ కర్ణాటకలో) కోలాహలపురం, అంటే కోలారు, కట్టించాడు. ఆయన కొడుకు తర్వాత ఎనభై ఒక్కమంది రాజులు, వాళ్ళ పేర్లు లేవు. తర్వాత వీరసింహుడు, ఆయనకు ఐదుగురు కొడుకులు: కామార్ణవుడు, దానార్ణవుడు, గుణార్ణవుడు, మారసింహుడు, వజ్రహస్తుడు. కామార్ణవుడు రాజ్యాన్ని చిన్నాన్నకు ఇచ్చేసి, తమ్ముళ్ళతో తూర్పుకు వచ్చి, మహేంద్రగిరి మీద గోకర్ణస్వామిని కొలిచి, వృషభ లాంఛనం (ఎద్దు గుర్తు ఉన్న రాజచిహ్నం) పొంది, కళింగను గెలిచాడు. ఓడిన రాజు పేరును ఒక శాసనంలో బాలాదిత్యుడని చదివారు, మరోదాంట్లో శబరాదిత్యుడని ఉంది.

మెసేజ్ రాసినవారు ఇక్కడితో ఆగిపోయారు. పక్కనున్న మిగతా రెండు శాసనాలు తెరవలేదు. అదే చోడగంగదేవుడు 1081లో, పట్టాభిషేకమైన మూడేళ్ళకు ఇచ్చిన విశాఖ శాసనంలో కోలాహలపురం ఊసు లేదు, ఐదుగురు అన్నదమ్ములూ లేరు. ఆయన తాత వజ్రహస్తుడు (కథలోని తమ్ముడు కాదు, అదే పేరున్న తర్వాతి రాజు) 1038లో పట్టం కట్టుకుని 1045లో ఇచ్చిన నరసపట్నం శాసనం కూడా పాత విశాఖ జిల్లాదే. అందులో వంశవృక్షం గుణమహార్ణవుడితో మొదలవుతుంది. ఏలుబడి ఏళ్ళు వెనక్కి లెక్కపెడితే ఆయన 9వ శతాబ్దం చివరివాడు. తాతకు తెలియని మూలపురుషుడు మనవడి కాలంలో, అదీ మనవడు గద్దెనెక్కిన మూడు నాలుగు దశాబ్దాలకు బయటికొచ్చాడు. విశాఖ రేకులే సాక్ష్యం అనేవాళ్ళు మూడింటి మాటా వినాలి కదా!

ఇప్పుడు కాలం సంగతి. ఈ మెసేజ్ నిలబడనిది ఇక్కడే. 1118 శాసనం ప్రతి రాజుకూ ఏలిన ఏళ్ళు చెబుతుంది. కామార్ణవుడికి 36, దానార్ణవుడికి 40, ఇలా. ఆ సంఖ్యలన్నీ కూడి 1038 నుంచి వెనక్కి వెళ్తే కామార్ణవుడు సుమారు 727 దగ్గర తేలతాడు. మెసేజ్‌లోని 8వ శతాబ్దం ఇలా వచ్చిందే. కానీ కళింగ గాంగులు తమ శాసనాలకు తమ సొంత శకాన్నే వాడారు. ఆ గాంగ శకం 498 ప్రాంతంలో మొదలైందని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. ఆ లెక్కన ఇంద్రవర్మ జిర్జింగి శాసనం, 39వ ఏడు, అంటే 537. హస్తివర్మ ఉర్లాం శాసనం, 80వ ఏడు, అంటే 578. మరో ఇంద్రవర్మ అచ్యుతాపురం శాసనం, 87వ ఏడు, అంటే 585. (ఈ అచ్యుతాపురం మన సెజ్ ఉన్న ఊరు కాదు, ముఖలింగం దగ్గరిది.) శకం మొదలు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ జరిగినా తేడా ఏమీ పడదు. కామార్ణవుడు మహేంద్రగిరి ఎక్కాడన్న కాలానికి గాంగులు తమ రాజధానులైన దంతపురం నుంచి, కళింగనగరం (ఇప్పటి ముఖలింగం) నుంచి భూములు దానం చేస్తూ దాదాపు రెండు వందల ఏళ్ళు గడిచిపోయాయి. అప్పటికే వాళ్ళ దైవం గోకర్ణేశ్వరుడు, వాళ్ళ కొండ మహేంద్రగిరి. అప్పటికే ఉన్న వంశాన్ని రెండు వందల ఏళ్ళ తర్వాత వచ్చినవాడు ఎలా స్థాపిస్తాడు?

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టమైనది. తొలి గాంగుల శాసనాల్లో రాజుల పేర్లు ఇంద్రవర్మ, హస్తివర్మ, దేవేంద్రవర్మ, అనంతవర్మ. ఏ శాసనంలోనూ కోలారు కామార్ణవుడు లేడు. కానీ 7వ శతాబ్దంలో ఒక ఇంద్రవర్మ తండ్రి పేరు దానార్ణవుడు. ఆ తర్వాత గాంగ శకం 195లో సిద్ధాంతం శాసనం ఇచ్చిన దేవేంద్రవర్మ తండ్రి పేరు గుణార్ణవుడు. కథలో కామార్ణవుడి తమ్ముళ్ళ పేర్లూ ఇవే! అంటే చోడగంగదేవుడి ఆస్థాన కవి అన్నీ గాలిలోంచి తీయలేదు. పాత కళింగ గాంగుల పేర్లు ఎవరి నోటనో, ఏ గుడి రికార్డులోనో మిగిలి ఉండాలి. కవి వాటిని తీసుకుని, వరస తారుమారు చేసి, కోలారులో పుట్టించాడు. నిజంగా బతికిన దానార్ణవుడూ గుణార్ణవుడూ కథలోని 727 కంటే ముందువాళ్ళు. ఈ ముక్కలు కోలారు వలసకు సాక్ష్యం కావు. గాంగులు ఎంతో కాలంగా ఇక్కడే వేళ్ళూనుకుని ఉన్నారనడానికి సాక్ష్యం.

మరి కోలారు ఎందుకు వచ్చింది? నా అభిప్రాయం చెబుతాను. 11వ శతాబ్దంలో పెద్ద రాజులందరికీ పురాణం నుంచి దిగే వంశావళి కావాల్సి వచ్చింది. పక్కనే వేంగిలో రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి శాసనం చూడండి. అక్కడా చంద్రవంశమే. అయోధ్యలో యాభై తొమ్మిది మంది రాజులు, తర్వాత విజయాదిత్యుడు దక్షిణానికి రావడం. పేర్లు లేని రాజుల గుంపు, దూరదేశం నుంచి రాక, కొండ మీద దైవానుగ్రహం ఆ కాలపు ప్రశస్తి (శాసనంలో రాజును పొగిడే రచన) పద్ధతి. చోడగంగదేవుడి తల్లి రాజసుందరి చోళ రాజకుమార్తె. అలాంటి కుటుంబంలో "మా వంశం ఎక్కడిది" అన్న ప్రశ్నకు గొప్ప జవాబు ఉండాలి. గంగ పేరుతో దక్షిణాదిలో పేరుమోసిన వంశం కర్ణాటకను ఏలిన పశ్చిమ గాంగులది. 1004 ప్రాంతంలో చోళులు వాళ్ళ రాజధాని తలకాడు పట్టుకోవడంతో వాళ్ళ రాజ్యం ముగిసింది. ఆ పేరునూ ఆ ప్రతిష్ఠనూ కళింగ గాంగులు తమ వంశవృక్షంలో కలుపుకున్నారు. కథలోని మారసింహుడు కూడా పశ్చిమ గాంగుల్లో వినబడే పేరే.

అంటే రెండు గాంగ వంశాలకూ సంబంధమే లేదా? ఆ మాట నేను అనడం లేదు. పేరొకటే కాబట్టి ఏదో పాత బంధుత్వం ఉండొచ్చన్న చరిత్రకారులున్నారు. కానీ గోత్రం చూస్తే పశ్చిమ గాంగులది కాణ్వాయన, వీళ్ళది ఆత్రేయ. లాంఛనం చూస్తే వాళ్ళది ఏనుగు, వీళ్ళది ఎద్దు. వాళ్ళ శాసనాల్లో కోలారు పేరు కువలాల. కోలాహలుడు కట్టాడు కాబట్టి కోలాహలపురం అనడం ఊరి పేరులోంచి రాజును పుట్టించడమే.

కులం మాట. తొలి శాసనాల్లో "గంగామలకులతిలక" అని ఉంటుంది. అక్కడ కులమంటే వంశం, గంగ వంశానికి తిలకం వంటివాడని అర్థం. ఈనాటి కులాల పేరు ఏ రేకులోనూ లేదు. దాన్ని అందులోకి చొప్పించవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను.

ముఖలింగమే కళింగనగరమని చూపినవారిలో మన గిడుగు రామమూర్తి గారు ఒకరు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ ముఖలింగం శాసనాలు చదివారు, వజ్రహస్తుడి నడగాం రేకులను పరిష్కరించి ప్రచురించారు. సవరల భాష నేర్చుకున్నదీ ఆయనే. మహేంద్రగిరి చుట్టూ ఉండే గిరిజనులైన ఆ సవరలనే (శబరులన్నది వాళ్ళ పాత పేరే) మన మెసేజ్ ఓడిపోయిన శబరాదిత్యుడి పేరు కింద ఒక్క వాక్యంలో తోసేసింది.

ఇదంతా గ్రూపులో పెట్టాక మామయ్య ఫోన్ చేశారు. కోపం లేదు. "అయితే మొదటి రాజెవరురా?" అన్నారు. స్థాపించినవాడి పేరు తొలి రేకుల్లో రాయలేదు మామయ్యా, గోకర్ణేశ్వరుడి దయ అని మాత్రం రాసుకున్నారు అన్నాను. రేకుల్లో మనకు ముందుగా కనిపించేది 39వ ఏట దంతపురం నుంచి దానమిచ్చిన ఇంద్రవర్మ. ఆమదాలవలసకు దగ్గర్లోని దంతవరపుకోటే ఆ దంతపురమని చాలామంది గుర్తించారు. ఈసారి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు అక్కడ ఆగుదాం అన్నారు మామయ్య.