పోర్ట్ బ్లెయిర్‌కి రెండు రోజులివ్వండి

మన సంఘంలో అండమాన్ వెళ్లొచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఫొటోలు చూస్తే అన్నీ హావ్‌లాక్ దీవి బీచ్‌వే. మరి పోర్ట్ బ్లెయిర్? "జైలు చూశాం, రాత్రి పడుకున్నాం, పొద్దున్నే బోటెక్కాం" అంటారు. నాకు ఇది బాధగా ఉంటుంది. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి ఆ రేవు పట్టణంలో చూడాల్సింది చాలా ఉంది.

2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. ఇక్కడి నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే దాదాపు మూడు రోజులు. చెన్నై నుంచే కాదు, విశాఖ నుంచి కూడా ఓడలు హడ్డో రేవుకి వెళ్తాయి. ఆ విశాఖ దారే ముఖ్యం. ఉత్తరాంధ్ర నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు! తెల్లవారుతూనే జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్లి, తెలుగు వినిపించిన చోట ఆగి "ఏ ఊరండీ మీది?" అని అడగండి. వీధిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా బతకడం మనకీ తెలుసు. వాళ్లని పలకరించకుండా వచ్చేస్తే ఎలా?

సెల్యులర్ జైలుకి గంట చాలదు. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్క ముందుభాగం పక్క రెక్క వీపుని చూసేలా కట్టారు, ఖైదీకి మరో ఖైదీ ముఖం కనబడకూడదని. బ్రిటిష్ కాలంలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకర వేంకటాచారి ఇక్కడే గడిపారు. పిల్లలకి ఆయన గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి. గైడు చెబుతాడులే అనుకోవద్దు.

వంతెన దాటి చాథమ్ దీవికి వెళ్తే 1883 నాటి కలప కోత మిల్లు ఉంది. ఎర్రటి పడౌక్ దుంగలు అక్కడ చూడాలి. దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే కాబట్టి డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. ఏం చూడాలన్నా పొద్దున్నే బయల్దేరాలి.

కార్యవర్గానికి నా విన్నపం. ఈసారి టూర్ వేస్తే మొదటి రెండు రాత్రులు పట్టణంలోనే బుక్ చేయండి. హావ్‌లాక్ ఆ తర్వాత.