పెద్దలను ముందుగా అడగడం నేర్పాలి

నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లోని వృద్ధాశ్రమాల్లో తలదాచుకుంటున్న పెద్దల్లో కొందరి పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. మరికొందరికి నా అన్నవారే లేరు. అర్ధరాత్రి దాటాక వారిలో ఒకరికి ఆయాసం ముదిరితే పక్కన ఉండేది సాధారణంగా డాక్టరు కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా. ఆమె వార్డెన్‌ను లేపుతుంది, వార్డెన్ కొడుక్కి ఫోన్ చేస్తాడు, అటునుంచి పలికినా పలకకపోయినా 108 వస్తుంది. తెల్లవారేసరికి ఆ పెద్దావిడ ఐసీయూలో, గొంతులో గొట్టంతో ఉండవచ్చు. నయమయ్యే జబ్బుకు ఆస్పత్రి తప్పనిసరి. అందులో మరో మాట లేదు. అయితే కోలుకునే ఆశ లేని దశలో సైతం ఆమె ఇదే కోరుకున్నదా, లేక అలవాటైన మంచం మీదే నొప్పి తెలియకుండా వెళ్ళిపోవాలనుకున్నదా అన్నది చెప్పగలవారు ఒక్కరూ ఉండరు. మాట్లాడగలిగిన రోజుల్లో ఆమెను ఎవరూ అడగలేదు.

ఇది ఆయాల నిర్లక్ష్యం కాదు. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పక్క మార్చడం వారికి తెలుసు; ఈ మాట ఎలా ఎత్తాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. పైగా చావు మాట మన ఇళ్ళలో అశుభం. ‘ఇప్పుడా మాటలెందుకు అవ్వా’ అంటూ ప్రేమతోనే నోరు మూయిస్తాం. ఆశ్రమంలో చేరిన రోజు తెరిచే ఫైలులో సాధారణంగా ఆధార్ జిరాక్సు, బీపీ, షుగర్ మాత్రల చీటీ, పిల్లల సంతకం, ఫోన్ నంబరు కనిపిస్తాయి. ఆ మనిషి మనసులో ఏముందో రాసుకోవడానికి ఒక్క గడి కూడా ఉండదు.

చట్టం దారి చూపి చాలా కాలమైంది. గౌరవంగా మరణించే హక్కు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న తీర్పు చెప్పి, లివింగ్ విల్‌గా పిలుస్తున్న ముందస్తు వైద్య నిర్దేశపత్రానికి (మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితానికి) గుర్తింపు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో రాసిన పత్రాన్ని నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళనక్కరలేదు. ఒక ప్రతిని పంచాయతీ లేదా పురపాలక సంఘంలోని అధీకృత అధికారికి అందజేయాలి. రాసినవారు దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. నయంకాని జబ్బుతో, నిర్ణయం చెప్పలేని స్థితికి చేరినప్పుడే ఆ పత్రం అమలులోకి వస్తుంది. అదీ ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు పరిశీలించాకే. కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరిలో దీనిపై ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది.

కాబట్టి చికిత్స ఆపాలా వద్దా అన్నది ఆశ్రమ సిబ్బంది తేల్చే విషయం కాదు. వారు నేర్చుకోవలసింది అడగడం, వినడం, రాయడం, రాసింది దాచిపెట్టకుండా డాక్టరుకు చేర్చడం. ఎప్పుడు అడగాలన్నది ఇందులో సున్నితమైన అంశం. చేరిన రోజున అడిగితే, పిల్లలు వదిలేసి వెళ్ళారని కుమిలిపోతున్న మనిషికి ‘పోవడానికే తెచ్చారు’ అనిపిస్తుంది. మరీ ఆలస్యం చేస్తే పక్షవాతమో, మతి తప్పించే డిమెన్షియానో ఆ అవకాశాన్నే మింగేస్తుంది. ఆశ్రమంలో కాస్త కుదురుకున్నాక, రోజూ తల దువ్వే ఆయా ‘అవ్వా, ఎప్పుడైనా నువ్వు మాట్లాడలేని పరిస్థితి వస్తే నీ తరఫున ఎవరిని అడగమంటావు?’ అని మొదలుపెడితే చాలు. కొడుకు పేరు వస్తుందనుకుంటే మేనకోడలి పేరు రావచ్చు. ఆ జవాబు తేదీతో సహా రాసి, ఆరోగ్యం మారినప్పుడల్లా మళ్ళీ అడగాలి. ఒక్క సిట్టింగులో తేలిపోయే పని కాదిది.

ఇలాంటి శిక్షణ ఫలితమిస్తుందనడానికి ఆధారం ఉంది. కెనడాలోని ఒంటారియోలో ఆరు నర్సింగ్ హోముల్లో జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో, సిబ్బందికీ నివాసితులకూ కుటుంబాలకూ ఈ విషయం నేర్పిన చోట ఒక్కొక్కరు ఆస్పత్రి పాలైంది సగటున 0.27 సార్లు కాగా, నేర్పని చోట 0.48 సార్లు. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడి వసతులు వేరు; ఇక్కడ నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు అందుబాటు, ఉపశమన చికిత్స (నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) తెలిసిన నర్సు రాకపోకలు లేకుండా ‘ఆశ్రమంలోనే ఉంచండి’ అన్న కోరికను మన్నించడమంటే నొప్పితో వదిలేయడమే అవుతుంది. శిక్షణతో పాటే ఆ ఏర్పాటు కూడా జరగాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి ఈ పత్రాలను అడ్డం పెట్టుకుంటారన్న భయం నిరాధారమైనది కాదు. ఆస్తి తగాదాలున్న చోట అది మరీ ఎక్కువ. అందుకే ఆశ్రమ యజమానులు, సిబ్బంది సాక్షులుగా ఉండకూడదనీ, చేరడానికి ఈ పత్రాన్ని షరతుగా పెట్టకూడదనీ నిబంధన ఉండాలి. రాయడం ఇష్టం లేదన్న పెద్దల మాటా అంతే గౌరవంతో ఫైలులో చేరాలి.

నెల్లూరులోని ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల శిక్షణ బాధ్యత తీసుకోగలవు. పత్రం రాయడంలో సాయానికి, నోటరీ ఖర్చుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ముందుకు రావాలి. పత్రాలు స్వీకరించే అధికారి ఎవరో ప్రతి పంచాయతీలో, పురపాలక సంఘంలో తెలిసేలా ప్రకటించాలి. రెండు జిల్లాల కలెక్టర్లు ఈ శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి తేదీలు ఖరారు చేయాలి. సిబ్బంది తరచూ మారిపోతుంటారు కనుక ఏటా రెండుసార్లైనా తరగతులు జరగాలి. హాజరైన రోజుకు ఆయాల జీతం కోయరాదని ఉత్తర్వులోనే స్పష్టంగా రాయాలి.