గడువుకు ఆరు నెలల ముందే చెల్లని పాస్‌పోర్టు

శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ వెళ్లే విమానానికి ఒక కుటుంబం కౌంటర్ ముందు నిలబడిందనుకుందాం. టికెట్లు ఉన్నాయి, హోటల్ గదులకు డబ్బు కట్టేశారు. భారతీయులకు మలేషియా వీసా మినహాయింపు కూడా ఇచ్చింది. నలుగురిలో ఒకరి పాస్‌పోర్టుకు ఇంకా నాలుగు నెలల గడువుంది. వెళ్లేది వారం రోజులకే. అయినా ఆ ఒక్కరికి బోర్డింగ్ పాస్ రాదు. మిగిలిన ముగ్గురూ వెళ్లాలా, మానుకోవాలా అన్నది అక్కడికక్కడే, సామాను తూకం యంత్రం పక్కన నిలబడి తేల్చుకోవాలి. పాస్‌పోర్టులో అచ్చయిన తేదీని నమ్మడం తప్ప ఆ కుటుంబం చేసిన నేరం ఏమీ లేదు. ఇలాంటి కష్టం ఏ ఒక్కరికో ఎదురయ్యేది కాదు. దీన్ని ప్రయాణికుడి అజాగ్రత్త కింద కొట్టిపారేయడం అన్యాయమని మేము భావిస్తున్నాం.

చాలా దేశాలు తమ గడ్డపై అడుగుపెట్టే విదేశీయుడి పాస్‌పోర్టు కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలంటాయి. యూఏఈ, సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, శ్రీలంక ఈ కోవలోనివే. మన దేశమూ తక్కువేమీ కాదు. ఈ-వీసాపై ఇక్కడికి వచ్చే విదేశీయుడి పాస్‌పోర్టుకు, వచ్చిన రోజు నుంచి లెక్కిస్తే ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని మనమూ అడుగుతున్నాం. దీని వెనుక కారణం లేకపోలేదు. వచ్చిన మనిషి జబ్బుపడవచ్చు, విమానాలు ఆగిపోవచ్చు, కొందరు కావాలనే ఉండిపోవచ్చు. అతడిని తిరిగి పంపాలంటే చెల్లే పత్రం చేతిలో ఉండాలి. నిబంధనలో తర్కం ఉంది. అది ప్రయాణికుడికి తెలిసే తీరులోనే లోపముంది.

పైగా అన్ని దేశాలదీ ఒకే లెక్క కాదు. యూరప్‌లోని షెంగెన్ దేశాలకు మూడు నెలలు చాలు, కానీ దాన్ని అక్కడి నుంచి తిరిగి బయల్దేరే రోజు నుంచి లెక్కిస్తారు. పైగా ఆ పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు. బ్రిటన్‌కు అక్కడ ఉన్నన్నాళ్లూ చెల్లితే సరిపోతుంది. నేపాల్‌కు మనవాళ్లు ఓటరు కార్డుతోనే వెళ్లిరావచ్చు. ఇన్ని రకాల లెక్కలు సామాన్యుడు గుర్తు పెట్టుకోవాలనడం అర్థం లేని మాట.

కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి మీద కోపం తెచ్చుకోవడమూ సరికాదు. సరైన పత్రాలు లేని ప్రయాణికుడిని దించితే బ్రిటన్ ఒక్కొక్కరికి 2,000 పౌండ్ల చొప్పున విమానయాన సంస్థ మీదే జరిమానా వేస్తుంది. యూరోపియన్ యూనియన్ 2001లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సభ్య దేశాలు వేల యూరోలు వసూలు చేస్తాయి. మన దేశం 2000లో తెచ్చి, 2025లో రద్దు చేసిన చట్టం కూడా అలాంటి ఒక్కో ప్రయాణికుడికి లక్ష రూపాయల జరిమానా పెట్టింది. తిరుగు విమానంలో అతడిని వెనక్కి తెచ్చే బాధ్యత కూడా సంస్థదే. అందుకే కౌంటర్ సిబ్బంది తమ సొంత తెలివి మీద ఆధారపడరు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నిర్వహించే టైమాటిక్ అనే సమాచార వ్యవస్థలో చూస్తారు. ఏ దేశపు పౌరుడు ఏ దేశానికి వెళ్తే ఏ పత్రం ఎన్నాళ్లు చెల్లాలో అందులో ఉంటుంది. అది కాదంటే కాదు.

మా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. టికెట్ కొనేటప్పుడో, ఆ తర్వాత ప్రయాణికుల వివరాలు నింపేటప్పుడో చాలా సంస్థలు పాస్‌పోర్టు నంబరుతో పాటు గడువు తేదీనీ అడుగుతున్నాయి. గమ్యం తెలుసు, ప్రయాణం తేదీ తెలుసు, పాస్‌పోర్టు గడువు తెలుసు. ఈ మూడింటినీ నిబంధనతో పోల్చి చూడటం కంప్యూటర్‌కు రెప్పపాటు పని. ఆ పని డబ్బు తీసుకునే ముందే చేస్తే చాలామంది కౌంటర్ దాకా వచ్చి కన్నీళ్లు పెట్టుకోరు. పత్రాల బాధ్యత ప్రయాణికుడిదేనని షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసుకుని, అన్నీ తెలిసిన యంత్రాన్ని చివరి గంటలో తెరవడం ఏ రకంగా న్యాయం? సీటు ఎంపిక, భోజనం, అదనపు సామాను అంటూ అడుగడుగునా ఆపి అడిగే వెబ్‌సైట్లకు ఈ ఒక్క హెచ్చరిక బరువు కాదు.

కౌంటర్ దగ్గర ఆగిపోతే పోయేది టికెట్ డబ్బు, సెలవులు. అమెరికా విషయంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. తెలుగు కుటుంబాలు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. భారత్ సహా పలు దేశాల పాస్‌పోర్టులకు అమెరికా ఆరు నెలల షరతు నుంచి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి గడువు దగ్గరపడిన పాస్‌పోర్టుతోనూ విమానం ఎక్కనిస్తారు, అక్కడ దిగనిస్తారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇమిగ్రేషన్ అధికారి ప్రయాణికుడు ఎప్పటివరకు ఉండవచ్చో ఐ-94 రికార్డులో నమోదు చేస్తాడు. హెచ్-1బీ అనుమతి మూడేళ్లకు ఉన్నా, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో ముగిసిపోయేట్టుంటే చాలాసార్లు ఐ-94ను కూడా ఆ ఎనిమిది నెలలకే కుదిస్తున్నారు.

విమానంలో వచ్చేవారికి ఒకప్పుడు ఐ-94 కాగితం పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవారు. 2013 నుంచి అది కంప్యూటర్ రికార్డుగా మారింది. వెబ్‌సైట్‌లోకి వెళ్లి తీసి చూసుకుంటే తప్ప ఆ తేదీ కంటపడదు. ఇంట్లో భద్రంగా ఉన్న అనుమతి పత్రంలో మూడేళ్లని ఉంది, వీసా స్టాంపు మీదా ఏళ్ల గడువుంది, ఇంక భయమెందుకు అనుకుంటారు. కొందరు పాస్‌పోర్టును రెన్యువల్ కూడా చేయించుకుని నిశ్చింతగా ఉంటారు. పాస్‌పోర్టు కొత్తదైనంత మాత్రాన ఐ-94 పొడిగింపు దానంతటదే జరగదు. గడువు ముగిసేలోపు కంపెనీ ద్వారా పొడిగింపునకు దరఖాస్తు చేయించుకోవాలి, లేదా దేశం దాటి వెళ్లి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ ప్రవేశించాలి. ఈ సంగతి తెలియక ఆ తేదీ దాటి ఉండిపోతే అది అక్రమ నివాసం. అలా 180 రోజులకు మించి ఉండి వెళ్లినవారికి మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు అమెరికా తలుపులు మూసుకుంటాయి. ఇంటి అప్పు, పిల్లల చదువు, గ్రీన్‌కార్డు వరుసలో నిరీక్షణ, అన్నీ ఒక తేదీ చూసుకోకపోవడం వల్ల తలకిందులవుతాయి.

ఈ ఉచ్చులో ముందుగా చిక్కేది ఉద్యోగి కంటే అతడి పిల్లలు. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. మైనర్లకు ఇచ్చేది ఐదేళ్లకు లేదా 18 ఏళ్లు నిండేవరకు, ఏది ముందైతే అది. పదిహేను నిండినవారు పదేళ్లది కోరుకోవచ్చు. తల్లిదండ్రులు తమ పుస్తకం తెరిచి చూసి నాలుగేళ్లు ఉందిలే అనుకుంటారు. పాపాయి పుస్తకం మాత్రం ఈ డిసెంబరులోనే ముగుస్తుంది. కుటుంబంలో తండ్రికి ఒక తేదీ వరకు, కూతురికి అంతకంటే రెండేళ్ల ముందు వరకు ఐ-94 ఇచ్చిన సందర్భాలుంటాయి. కూతురు కాన్పుకు సాయంగా వెళ్లే అమ్మానాన్నల సంగతీ ఇంతే. పదేళ్ల సందర్శక వీసా ఉందన్న ధీమాతో పాత పాస్‌పోర్టు పట్టుకుని వెళ్తారు. మామూలుగా దొరికే ఆరు నెలల నివాసం పాస్‌పోర్టు గడువు దగ్గరే తెగిపోవచ్చు. వీసా చెల్లుతున్న పాత పుస్తకాన్ని, కొత్తదాన్ని రెండింటినీ కలిపి తీసుకెళ్తే అమెరికా వీసా యథాతథంగా పనిచేస్తుంది. కొత్తది ఇచ్చేటప్పుడు పాత పుస్తకం అట్ట మూల కత్తిరించి ఇస్తారు. అది చూసి వీసా కూడా పోయిందని భయపడి, ఆ భయంతోనే రెన్యువల్‌ను వాయిదా వేసేవారున్నారు. వీసా పేజీ చెడకుండా ఉంటే భయం అక్కర్లేదు.

కెనడాలో చదువుకునే మన విద్యార్థులకూ ఇదే పాఠం. అక్కడ స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ పాస్‌పోర్టు గడువును దాటి ఇవ్వరు. చదువు పూర్తయ్యాక ఒక్కసారే దొరికే వర్క్ పర్మిట్ మూడేళ్లకు రావలసింది పాస్‌పోర్టు వల్ల ఏడాదికే వస్తే, మిగిలిన కాలానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు.

గల్ఫ్ కార్మికుడి పరిస్థితి వేరు. అతడికి గడువు తేదీ చూసుకునే అవకాశమే ఉండదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి వెళ్లినవారిలో ఎందరివో పాస్‌పోర్టులు కఫీల్ (పని ఇచ్చిన యజమాని) బీరువాలోనో, కంపెనీ ఆఫీసులోనో ఉంటాయి. కార్మికుల పాస్‌పోర్టులు యజమానులు దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టాలే చెబుతున్నా ఆ అలవాటు పోలేదు. యూఏఈలో నివాస వీసా పొడిగించాలంటే పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. కువైట్‌లో అకామాను, అంటే నివాస అనుమతిని, పాస్‌పోర్టు గడువును మించి ఇవ్వరు. ఎవరో దాచిపెట్టిన పుస్తకంలో గడువు ముగిసినందుకు కార్మికుడు రాత్రికి రాత్రే ఖల్లివెల్లిగా, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడిగా, మారిపోతాడు. తండ్రి చనిపోయాడని కబురొచ్చినా కదలలేడు. చివరికి రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇల్లు చేరుతాడు. అది ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది, తిరిగి పనిలోకి వెళ్లడానికి పనికిరాదు.

ఈ నిబంధనలు ఎవరూ కదపలేని రాతిశాసనాలేమీ కావు. యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు క్షమాభిక్ష అమలు చేసినప్పుడు, దరఖాస్తుదారుల పాస్‌పోర్టుకు ఉండాల్సిన కనీస గడువును ఆరు నెలల నుంచి ఒక నెలకు తగ్గించింది. అవసరాన్ని గుర్తించిన ప్రభుత్వం సడలించగలదని తేలింది. మన విదేశాంగ శాఖ గల్ఫ్ ప్రభుత్వాలతో జరిపే కార్మిక చర్చల్లో ఈ అంశాన్ని శాశ్వత ప్రాతిపదికన లేవనెత్తాలి. పాస్‌పోర్టు పని ఇచ్చిన యజమాని చేతిలో చిక్కుకున్నప్పుడు రెన్యువల్ ఆలస్యానికి కార్మికుడిని శిక్షించవద్దని అడగడం న్యాయమైన కోరికే.

ఇంత నష్టం ఉన్నా జనం చివరిదాకా ఎందుకు ఆగుతారన్నదీ ఆలోచించాలి. గడువు ముగిశాకే కొత్తది ఇస్తారన్న అపోహ ఇప్పటికీ బలంగా ఉంది. నిజానికి ఏడాది ముందు నుంచే రీఇష్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. రెండో కారణం మరింత సహజమైనది. ముందే మార్చుకుంటే మిగిలిన నెలలు పోతాయి. కొత్త పుస్తకం జారీ అయిన రోజు నుంచే పదేళ్లు లెక్క. ఫీజు కట్టి కొనుక్కున్న కాలాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు? మిగిలిన నెలలను కొత్త పాస్‌పోర్టుకు కలపాలన్న సూచన వినడానికి బాగుంటుంది. కానీ బ్రిటన్ అనుభవం వేరే చెబుతోంది. ఆ దేశం తొమ్మిది నెలల వరకు అలా కలిపి ఇచ్చి, 2018లో ఆపేసింది. కలిపి ఇచ్చిన పాత పుస్తకాలతో యూరప్ వెళ్లబోయిన బ్రిటిష్ ప్రయాణికులు, జారీ అయి పదేళ్లు దాటకూడదన్న షెంగెన్ నిబంధన దగ్గర ఇరుక్కున్నారు. ఆ దారి మనకొద్దు. పదేళ్ల పాస్‌పోర్టు ఆచరణలో తొమ్మిదిన్నరేళ్లకు, పిల్లల ఐదేళ్లది నాలుగున్నరేళ్లకే పనికొస్తుందన్న నిజాన్ని దాచకుండా చెప్పడమే మేలు.

అది చెప్పాల్సింది పాస్‌పోర్టు చేతికొచ్చే రోజునే. గడువు తేదీకి ఆరు నెలల ముందు నుంచి అనేక దేశాలు దీన్ని అంగీకరించకపోవచ్చన్న ఒక్క వాక్యాన్ని, తెలుగుతో సహా వివిధ భాషల్లో అచ్చువేసిన చీటీగా ప్రతి కొత్త పాస్‌పోర్టుతో పాటు తపాలా కవరులో పెట్టి పంపవచ్చు. గడువు దగ్గరపడుతోందని ఫోనుకు సందేశం పంపే పద్ధతి మేలైనదే, కానీ పదేళ్లలో ఫోను నంబరు మారుతుంది. పెళ్లయ్యాక ఇల్లు మారుతుంది. చిరునామా, నంబరు మార్చుకోవడం పాస్‌పోర్టు సేవ వెబ్‌సైట్‌లో ఆధార్ ధ్రువీకరణతో రెండు నిమిషాల్లో ముగిసేలా ఉండాలి. గల్ఫ్‌లోని రాయబార కార్యాలయాలు కార్మికుల వసతి క్యాంపులకు వెళ్లి సేవా శిబిరాలు నిర్వహిస్తున్నప్పుడు, అకామా కాపీ ఆధారంగా పాస్‌పోర్టు గడువు వెతికి కార్మికుడికి చెప్పే ఏర్పాటు అందులో చేరాలి.

విమానయాన సంస్థల విషయంలో పౌర విమానయాన శాఖ మెత్తగా ఉండాల్సిన పనిలేదు. భారత్ నుంచి అంతర్జాతీయ టికెట్ అమ్మే ప్రతి సంస్థ, ప్రతి ట్రావెల్ పోర్టల్, డబ్బు వసూలు చేసే ముందే గడువు తేదీని అడిగి, అది గమ్య దేశపు నిబంధనకు సరిపోకపోతే ఎర్రటి అక్షరాల్లో హెచ్చరించాలని ఉత్తర్వు ఇవ్వాలి. హెచ్చరించకుండా అమ్మిన టికెట్‌పై ప్రయాణికుడిని కౌంటర్ దగ్గర ఆపితే, పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆ ఉత్తర్వులోనే చేర్చాలి. వచ్చే వేసవి సెలవుల టికెట్ల అమ్మకాలు మొదలయ్యేలోపే అది అమలులోకి రావాలి.