కాలిన శాతం లెక్కకు ఆ ఒక్క బొమ్మ సరిపోదు

కాలిన పేషెంట్‌కి ఒళ్లు ఎంత శాతం కాలిందో లెక్కేసే బొమ్మ ఒకటి నర్సింగ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. తల, మెడకు 9, ఒక్కో చేతికి 9, ఒక్కో కాలికి 18, మొండెం ముందు భాగానికి 18, వెనక 18, మర్మాంగాలకు 1. ఇంతవరకు తప్పేం లేదు, పెద్దవాళ్లకు రూల్ ఆఫ్ నైన్స్ అంటే ఇదే. దాని కింద రాసిన నాలుగు లైన్లే ప్రమాదం.

"ఏ వయసుకైనా ఇదే లెక్క." కాదు! ఏడాది పిల్లాడికి ఒంటితో పోలిస్తే తల పెద్దది, కాళ్లు చిన్నవి. వయసును బట్టి ఒక్కో భాగానికి ఎంత శాతమో చెప్పే 1944 నాటి లండ్ అండ్ బ్రౌడర్ చార్ట్ తీసి చూడండి, ఆ వయసులో తల, మెడ కలిపి 19 శాతం. పొయ్యి మీది గిన్నె లాగి తల, మెడ నిండా వేడి సాంబారు పోసుకున్న పిల్లాడికి ఈ బొమ్మ చూసి 9 అని రాశారనుకోండి, పిల్లల్లో 10 శాతం దాటితే ఫ్లూయిడ్స్ (నరంలోకి ఎక్కించే ద్రవాలు) మొదలుపెట్టాలి కదా, వాడు ఆ లెక్కలోకే రాకుండా పోతాడు. ఇది నాకు అన్నిటికన్నా భయం వేసే తప్పు.

"ఎర్రబడిందంతా కలపండి." వద్దు. బొబ్బ లేకుండా ఉత్తగా ఎర్రబారిన చర్మాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 60 కిలోల మనిషికి ఒక కాలంతా బొబ్బలెక్కి, రెండోది ఎర్రబడి ఊరుకుంటే అది 18 శాతమే. ఎంత ఫ్లూయిడ్ ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములాలో (4 మి.లీ. × బరువు కిలోల్లో × కాలిన శాతం) 4 × 60 × 18, అంటే 24 గంటల్లో 4,320 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే ఫ్లూయిడ్. రెండో కాలూ కలిపితే 8,640. ఆ అదనపు నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసంతో అల్లాడేది పేషెంటే.

"మీ అరచేయి 1 శాతం." మీది కాదు, పేషెంట్‌ది, అదీ వేళ్లు దగ్గరికి చేర్చి వాటితో కలిపి. వేళ్లు వదిలేస్తే దాదాపు సగమే.

"అడ్మిట్ అయిన దగ్గర్నుంచి 8 గంటల్లో సగం ఎక్కించాలి." 24 గంటల ఫ్లూయిడ్‌లో సగం ఎక్కించే ఆ 8 గంటలు కాలిన టైమ్ నుంచి లెక్క. ఊరి నుంచి రావడానికే 3 గంటలు పడితే మిగిలింది 5 గంటలే, కాబట్టి కేస్ షీట్‌లో ముందు కాలిన టైమ్ అడిగి రాయండి. ఆ తర్వాత కూడా ఫార్ములానే పట్టుకుని కూర్చోకుండా యూరిన్ చూడాలి, పెద్దవాళ్లలో గంటకు కిలోకు 0.5 మి.లీ., చిన్నపిల్లల్లో 1 మి.లీ. వస్తోందా అని.

ఇంకోటి, ఆ బొమ్మలో లేనిది. మన దగ్గర పసుపో, టూత్‌పేస్టో, సిరానో పూసుకుని వస్తారు, పైన మసి. అవి కడిగి, బట్టలు తీసి, వీపు తిప్పి చూడందే అంకె వేయకండి. బొబ్బలు తర్వాత కూడా లేస్తాయి, మర్నాడు మళ్లీ లెక్కించి పాత అంకె పక్కన టైమ్‌తో రాయండి.