మందు పెంచితే గురి కుదరదు బావా

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో మామూలుగా కావేరి నీళ్ళు, ట్యాంకర్ రేటు, సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులు, ఇవే మాటలు. పోయిన వారం మాత్రం ఒక తుపాకీ వీడియో వచ్చి పడింది. అదే వీడియోని ఒంగోలు నుంచి మా బావ విడిగా పంపి, "నువ్వు అమెరికాలో ఆదివారాలు ఇదేగా చేసేవాడివి, వీడు చెప్పేది కరెక్టేనా?" అని అడిగాడు. కరెక్ట్ కాదు బావా. ఒక్క ముక్కలో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మూతి వైపు నుంచి తుపాకీ మందు పోసి, గుండు కూరి పేల్చే పాతకాలపు రైఫిల్ గురించి ఆ వీడియో. దానికి కోను గుండు బాగా కుదరాలంటే ఐదు సూత్రాలట. మందు పట్టినంత పొయ్యి. గుండు దొరికినంత బరువైనది తీసుకో. సీసం గట్టిగా ఉండేలా కలిపి పోత పొయ్యి. కొవ్వు రాసేది గుండు జారడానికే, ఎక్కువ పట్టించుకోకు. మూడు షాట్లు ఒకచోట పడితే పని అయిపోయినట్టే. వేల మంది షేర్ చేశారు.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, తొమ్మిదేళ్ళు సిన్సినాటిలో ఉన్నాను. అక్కడికి గంట దూరంలో, ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరుంది. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ రేంజ్ ఆ ఊళ్ళోనే. రైఫిల్ అక్కడే అమ్మేశాను. బెంగళూరుకి తెచ్చుకున్నది ఒక నోటుబుక్కు, ఒక కట్ట టార్గెట్ కాగితాలు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవడమే నేరం. పక్కనే కొడగులో కొడవలకు మినహాయింపు ఉంది, అది వేరే కథ. వెల్డింగ్ షాపులో పైపు కోసి చేసిన నాటు తుపాకీ మీద మాత్రం కింద రాసినవేవీ ప్రయత్నించకండి, దయచేసి.

ఇక మొదటి సూత్రం, మందు. ఎక్కువ పోస్తే వేగం పెరుగుతుంది, నిజమే. వేగం పెరిగితే గుండు దారిలో కిందికి వాలడం తగ్గుతుంది, అదీ నిజమే. కానీ గురి అంటే వాలకపోవడం కాదు, ప్రతిసారీ ఒకే చోట పడటం. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో బ్రిటిష్ సైన్యం 530 గ్రెయిన్ల గుండుకి వాడిన మందు 68 గ్రెయిన్లు. మన లెక్కలో 34 గ్రాముల సీసం వెనక నాలుగున్నర గ్రాముల మందు కూడా లేదు. ఇంట్లో టీ స్పూను తీసి చూడండి, దాదాపు అంతే. ఆ కాస్త మందుతోనే 900 గజాల దాకా గీతలున్న, గురి చూసే సైట్ దాని మీద బిగించారు.

ఆ గుండు అడుగున గుల్లగా ఉంటుంది. మందు అంటుకోగానే గ్యాసు ఆ గుల్లలో దూరి పల్చటి అంచుని బయటికి నెడుతుంది. కుక్కర్ గాస్కెట్ ఆవిరికి ఉబ్బి మూతని పట్టినట్టు, ఆ అంచు గొట్టం లోపల మెలి తిరిగిన గాడుల్ని పడుతుంది. మందు మోతాదు మించితే, గుండు మూతి దాటే క్షణంలో అదే అంచు ఒక పక్కకి విచ్చుకుంటుంది. అడుగు వంకర పోయిన గుండు తిన్నగా పోదు. నా గుండుకి గుల్ల లేదు, అడుగు చదునుగా ఉన్న మ్యాక్సీ బాల్ అది. అయినా కథ అదే. నోటుబుక్కులో ఉంది: .50 రైఫిల్ (గొట్టం అర అంగుళం), 370 గ్రెయిన్ల గుండు, 100 గజాలు. 80 గ్రెయిన్ల మందు దగ్గర ఐదు రంధ్రాలూ నా అరచేతి కింద దాగాయి. 90 దగ్గర చెదిరాయి. 100 దగ్గర వాటిని కప్పడానికి అన్నం ప్లేటు కావాల్సి వచ్చింది, సాయంత్రానికి భుజం కమిలింది. తయారీదారు రాసిన కనీస మోతాదుతో మొదలుపెట్టి ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ పోవాలి, వాళ్ళు రాసిన గరిష్ఠం దాటకూడదు. రైఫిల్‌కి ఎక్కడ నచ్చుతుందో అదే చెబుతుంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం. వీడియో కుర్రాడు ఈ తుపాకీ మందుని, అంటే బ్లాక్ పౌడర్‌ని, "నల్లమందు" అన్నాడు. నాయనా, తెలుగులో నల్లమందు అంటే అభిని! సరే, నవ్వుకుని వదిలేద్దాం. నవ్వలేనిది ఏంటంటే, బ్లాక్ పౌడర్ బదులు వాడే పైరోడెక్స్ లాంటి వాటిని కూడా డిజిటల్ తూకం మీద 80 గ్రెయిన్లు తూచి పొయ్యమన్నాడు. అది కొలత గిన్నెతో పోసేది, తూకంతో కాదు. అదే కొలతలో అది బాగా తేలిగ్గా ఉంటుంది కాబట్టి తూచి పోస్తే ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పడుతుంది. ఈ కాలపు పొగరాని మందు సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు, గొట్టం చీలుతుంది.

రెండోది బరువు. ఇది సగం కూడా నిజం కాదు. గుండు బరువు పెరిగితే పొడవు పెరుగుతుంది, పొడవైనది తిన్నగా నిలవాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ తిప్పే పని గొట్టం లోపలి గాడులది. ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయన్నది గొట్టం చేసినప్పుడే అయిపోయింది, మనం మార్చలేం. ఎన్‌ఫీల్డ్‌లో 78 అంగుళాలకు ఒక చుట్టు. విట్‌వర్త్ రైఫిల్‌లో 20 అంగుళాలకే ఒక చుట్టు. రెండింటి గుండూ 530 గ్రెయిన్లే! తేడా ఎక్కడుందంటే, ఎన్‌ఫీల్డ్ గొట్టం .577, కాబట్టి గుండు లావుగా పొట్టిగా ఉంటుంది. విట్‌వర్త్ .451, ఆరు పలకల గొట్టం, గుండు సన్నగా పొడుగ్గా ఉంటుంది. 1860 జులై 2న వింబుల్డన్‌లో విక్టోరియా రాణి స్టాండుకి బిగించిన విట్‌వర్త్ దారం లాగితే 400 గజాల దూరంలో టార్గెట్ నడిబొడ్డుకి అంగుళంన్నర లోపు తగిలింది. అదే పొడుగు గుండుని మెల్లగా తిప్పే గొట్టంలో వేస్తే కాగితం మీద గుండ్రటి రంధ్రం పడదు, అడ్డంగా పడ్డ చీలిక కనిపిస్తుంది.

1879లో గ్రీన్‌హిల్ అనే లెక్కల పంతులు ఒక ఉజ్జాయింపు ఇచ్చాడు. గుండు వ్యాసాన్ని దానితోనే గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించమన్నాడు. .50 గొట్టంలో అంగుళం పొడవు గుండుకి 37.5 అంగుళాలకో చుట్టు కావాలని వస్తుంది. 1970లో వచ్చిన థాంప్సన్ సెంటర్ హాకెన్ రైఫిల్‌లో 48కి ఒకటి. గుడ్డలో చుట్టి వేసే గుండ్రటి గుండుకీ, పొట్టి కోను గుండుకీ మధ్యస్తంగా పెట్టిన లెక్క అది. నా రైఫిల్‌లోనూ అంతే. అలాంటి దానిలో అంగుళం దాటిన గుండు వేసి "ఇంకా బరువైనది కావాలి" అనుకుంటే, పొడుగు బొంగరానికి చాలని తాడు చుట్టి అది నిలబడలేదని ఏడ్చినట్టు.

గట్టి సీసం మాట త్వరగా తేలిపోతుంది. పైన చెప్పిన అంచు ఉబ్బాలంటే సీసం మెత్తగా, కల్తీ లేకుండా ఉండాలి. టైర్ల బ్యాలెన్సింగ్‌కి బిగించే పాత సీసం బరువులు కరిగించి పోస్తే అందులోని ఆంటిమొనీ వల్ల గుండు గట్టిపడుతుంది. అంచు ఉబ్బదు, గ్యాసు పక్కల నుంచి తప్పించుకుంటుంది. గోటితో నొక్కితే గీత పడాలి, నాకు నేర్పిన పెద్దాయన పరీక్ష అంతే. ఈ ఉబ్బే అడుగుకి మన దగ్గరే ఒక మూలం ఉందంటారు. నార్టన్ అనే బ్రిటిష్ అధికారి దక్షిణ భారతంలో ఉన్నప్పుడు, ఇక్కడివాళ్ళు ఊది వదిలే గొట్టం బాణాల అడుగున బెండు ఉబ్బి గొట్టాన్ని మూసెయ్యడం చూశాడట. ఇలా అడుగు ఉబ్బే గుండుతో ఫ్రాన్సులో మినియే పేరు మోగింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి.

కొవ్వు సంగతి దగ్గర కాస్త ఆగాలి. బ్లాక్ పౌడర్ కాలితే సగానికి పైగా మసిగా మిగులుతుంది. ఆ మసి గొట్టానికి అంటుకుని గట్టిపడకుండా మెత్తగా ఉంచడమే మైనం, కొవ్వు చేసే అసలు పని. 1857లో అంత గొడవైన తూటా కొవ్వు కూడా ఇందుకే. ఆవు కొవ్వా పంది కొవ్వా అన్న అనుమానం ముదిరాక, సిపాయిలు బజారులో తమకు నచ్చిన మైనం, నూనె కొనుక్కుని రాసుకోవచ్చని కంపెనీ ఒప్పుకుంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. గాలి తేమని బట్టి మసి మారుతుంది. ఫిబ్రవరిలో మధ్యాహ్నం మన బాల్కనీలో బట్టలు గంటలో పెళపెళలాడతాయి కదా, అలాంటి పొడి గాలిలో మసి రాయిలా అవుతుంది. చెన్నై లాంటి చోట మెత్తగా ఉంటుంది, కానీ శుభ్రం చెయ్యకుండా పడుకుంటే పొద్దున్నకి తుప్పు.

అందుకే ప్రతి షాట్ తర్వాత గొట్టంలో ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ. ఒకసారి తుడిచి ఒకసారి మానేస్తే ఏ మోతాదూ కుదరదు. ఓ పొడి ఎండ రోజున నేను బద్ధకించాను. ఐదో గుండు కూరుతుంటే బిగుసుకుంది, దిగిందిలే అనుకున్నాను. మందు మీద గుండు సరిగ్గా కూర్చుంటే కడ్డీ ఎక్కడిదాకా దిగాలో దాని మీద మార్కరుతో గీత గీసుకుంటాం. ఆ గీత మూతికి రెండు వేళ్ళు పైన ఉంది. అంటే మందుకీ గుండుకీ మధ్య ఖాళీ. అలాగే పేల్చి ఉంటే గొట్టం ఉబ్బేది, లేదా పగిలేది. పెద్దాయన ఏమీ అనలేదు, కడ్డీ మీద గీత వైపు వేలు చూపించి నిలబడ్డాడు. చేతులు చెమట పట్టాయి. వీడియోలో ఆ గీత గురించి ఒక్క మాట లేదు.

చివరిది మూడు షాట్ల సూత్రం. మూడు ఒకచోట పడటం అదృష్టం కూడా కావచ్చు. నా కట్టలో రూపాయి బిళ్ళ కింద మూడు రంధ్రాలున్న కాగితం ఒకటుంది. దాని కిందే, నాలుగు వేళ్ళ దూరంలో నాలుగోది, ఇంకా పక్కన ఐదోది. ఒకేసారి ఒక్కటే మార్చి, ఒక్కో మార్పుకి ఐదు చొప్పున, వీలైతే ఇంకో రోజు మళ్ళీ ఐదు కాల్చాలి. నాకు రెండు ఎండాకాలాలు పట్టింది.

వీడియో ఆఖర్లో టార్గెట్‌ని దగ్గరగా చూపిస్తాడు, మూడు రంధ్రాలు ముద్దుగా కలిసి ఉంటాయి. కాగితం కింది సగం ఫ్రేములో లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ విను బావా, పేలిన చప్పుడు ఐదుసార్లు వస్తుంది.