చూడకుండా అనుసరించే విద్య

కొత్త జపాను సినిమాలను అనుసరించాలంటే వాటిని చూడాలని అనుకునే అమాయకులు ఇంకా మన మధ్య తిరుగుతూనే ఉన్నారు. పంచాంగం గుణించే సిద్ధాంతి ప్రతి గ్రహణాన్నీ డాబా ఎక్కి చూడనక్కరలేదు. అది ఏ దేశంలో ఎన్ని గంటలకు పడుతుందో, మనకు ఎందుకు కనిపించదో చెప్పగలిగితే చాలు. పన్నెండేళ్లుగా నేను చేస్తున్నదీ అదే. ఏ సినిమా ఏ ఉత్సవంలో తొలిసారి పడింది, జపానులో ఏ శుక్రవారం విడుదలవుతుంది, హైదరాబాదుకు ఎందుకు రాదు అన్న సంగతులు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కథ ఏమిటని మాత్రం దయచేసి అడగవద్దు.

మా సంవత్సరానికి ఉగాది బెర్లిన్ చిత్రోత్సవంతో, ఫిబ్రవరి నెలలో వస్తుంది. ఏప్రిల్‌లో ఇటలీలోని ఊదినె, మేలో కాన్, ఆ వెంటనే జపాను సినిమాల కోసమే ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే నిప్పన్ కనెక్షన్, జులైలో న్యూయార్క్‌లోని జపాన్ కట్స్, వానలు వెనకబట్టే వేళకు వెనిస్, అక్టోబరు చివర టోక్యో. వీటిలో ఏ ఒక్క ఊరికీ వెళ్లే స్తోమత లేకపోవడమే ఈ విద్యకు మొదటి అర్హత.

ఇందులో గొప్ప సమానత్వం కూడా ఉంది. ర్యూసుకె హమాగుచి తీసిన ‘ఈవిల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ 2023 సెప్టెంబరులో వెనిస్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకుని కూడా, స్వదేశంలో 2024 ఏప్రిల్ 26న గాని థియేటరు మొహం చూడలేదు. ఆ ఏడెనిమిది నెలలూ షిబుయాలోని జపాను ప్రేక్షకుడూ, చిక్కడపల్లిలోని నేనూ ఒకే పంక్తిలో కూర్చున్నాం. ఇద్దరి విస్తళ్లలోనూ ఎవరూ ఏమీ వడ్డించలేదు.

మా సాధనకు పరాకాష్ఠ 2023 వేసవి. యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి కొత్త సినిమాకు జిబ్లీ స్టూడియోవారు ట్రైలరు వదల్లేదు, ప్రకటనలు ఇవ్వలేదు. పక్షి బొమ్మ ఉన్న పోస్టరు ఒక్కటి చూపించి, జులై 14న విడుదల అన్నారు. మామూలు ప్రేక్షకుడు ఆ రోజు వెళ్లి చూస్తే సరిపోతుంది. మేము ఆ పోస్టరు మీదే నెలల తరబడి పరిశోధన చేశాం. పక్షి కొంగ అని తేలింది. కొంగల్లోనూ నారాయణపక్షి అని ఒక మిత్రుడు మరింత లోతుకు వెళ్లాడు. కొంగ కోసం కొంగజపం చేసిన ఘనత ప్రపంచ సినీచరిత్రలో మాకే దక్కుతుంది. పైగా జపానులో ‘మీరెలా బతుకుతారు?’ అని అర్థం వచ్చే ప్రశ్నతో పుట్టిన ఆ సినిమా, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘ద బాయ్ అండ్ ద హెరన్’ అయింది కనుక, దాని పేరు ఎవరు ఎత్తినా సరిదిద్దే సదవకాశం మాకు శాశ్వతంగా మిగిలిపోయింది.

సరిదిద్దడం ఈ విద్యలో సగభాగం. దర్శకుడు కురోసావా అనగానే ఎదుటివారు పాతతరం అకిరా అనుకుంటారు; అప్పుడు చిన్నగా దగ్గి, ‘నేను కియోషి గురించి చెబుతున్నాను, ఇద్దరికీ బంధుత్వం లేదు’ అనాలి. ఇంటిపేరు ముందు రాసుకునే ఆచారం మనకూ వాళ్లకూ ఒకటే గనుక, ఇంటిపేరు కలిసినవాళ్లందరూ చుట్టాలు కారని తెలుగువాడికి విడమరచి చెప్పనక్కరలేదు. అయినా చెప్పాలి. కియోషిగారివి 2024లో ఏకంగా మూడు సినిమాలు వచ్చాయి. ఒకే ఏడాదిలో మూడు సినిమాలు చూడకుండా ఉండటం ఎంత శ్రమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఈ విద్యకు శత్రువు జనాదరణ. వరి పండించే రైతు జున్‌ఇచి యసుదా తీసిన ‘ఎ సమురాయ్ ఇన్ టైమ్’ 2024 ఆగస్టు 17న టోక్యోలోని ఇకెబుకురోలో ఒకే ఒక్క థియేటరులో మొదలైనప్పుడు అది మాది. అక్కడి నుంచి దేశమంతా పాకి, మరుసటి ఏడాది జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం అయ్యాక ఇక అది ఊరందరిదీ అయిపోయింది. కబుకి అనే జపాను సంప్రదాయ నాటకాల నటుల కథతో వచ్చిన ‘కొకుహో’ మరీ అన్యాయం చేసింది. 2025 మేలో కాన్‌లో పడిన బొమ్మ, మాకు ఒక్క తీర్థంలోనైనా గొప్పలు చెప్పుకునే వ్యవధి ఇవ్వకుండా జూన్ 6నే జపాను థియేటర్లలోకి దిగి, మనుషులు నటించిన జపాను సినిమాల్లో 2003 నుంచి చెక్కుచెదరని వసూళ్ల రికార్డును బద్దలు కొట్టింది. ఆ సెప్టెంబరులోనే ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు డబ్బింగుతో సహా మన దగ్గరికి వచ్చేసింది. మా మేనల్లుడు చూసొచ్చి, ‘మామయ్యా, నువ్వు జపాను సినిమాలు చూస్తావట కదా, ఇది చూశావా?’ అని అడిగాడు. పదమూడేళ్ల పిల్లవాడికి పరిభాష తెలియదని క్షమించాను.

మన సినిమాలను జపానువాళ్లు అనుసరించే పద్ధతి ఇంతకంటే మోటు: వాళ్లు టికెట్టు కొని చూస్తారు. చివరి పేర్లు పూర్తయి దీపాలు వెలిగే దాకా హాల్లో కదలని ఆ ప్రేక్షకులు, ‘బాహుబలి’ కోసం 2018లో ప్రత్యేకంగా అరుపుల ఆటలు వేయించుకుని, అనుమతి తీసుకుని మరీ అరిచారు. 2022 అక్టోబరు 21న అక్కడ విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’, ఎప్పుడో 1998 నాటి ‘ముత్తు’ వసూళ్ల రికార్డును దాటేసేంతగా చూశారు. రాజమౌళి సినిమాలను చూడకుండా, వాటి విడుదల తేదీల మీద పట్టు సాధించిన జపాను పండితుడు ఒక్కడైనా ఉన్నాడేమోనని వెతికాను. దొరకలేదు.

నేనూ ఒకసారి నియమం తప్పాను. పేరెందుకులెండి, ఒక ఉత్సవంలో ‘డ్రైవ్ మై కార్’కు సీటు దొరికింది. టైటిల్స్ పడకముందే హాల్లో ఉండాలని మా నాన్నగారు నేర్పిన క్రమశిక్షణ ప్రకారం పరుగున వెళ్లి కూర్చున్నాను. 179 నిమిషాల ఆ సినిమాలో టైటిల్స్ సుమారు నలభై నిమిషాలకు గాని పడవు. పక్క సీటాయన తీరిగ్గా కాఫీ తాగి వచ్చి కూర్చుని కూడా ఆ నియమం నెరవేర్చాడు.

జపాను థియేటర్ల వరండాలలో రాబోయే సినిమాల కరపత్రాలను ఉచితంగా పెడతారు. వాటిని చిరాషి అంటారు. ముందువైపు బొమ్మ, వెనకవైపు చీమల బారులాంటి అక్షరాలు, అడుగున విడుదల తేదీ. ఉద్యోగం పని మీద టోక్యో వెళ్లిన మా బావమరిది చేత పద్నాలుగు తెప్పించుకున్నాను. వాటిలో ‘పర్‌ఫెక్ట్ డేస్’ది మొన్న ఆవకాయ జాడీ కింద దొరికింది. నూనె మరక అందులోని హీరో కోజి యకుషో గడ్డం దాకా వచ్చి ఆగింది. దర్శకుడు జర్మన్ అయిన ఆ సినిమాను జపాను తన తరఫున ఆస్కారుకు పంపడం సబబేనా అన్న విషయం మీద నేను ఒకప్పుడు గంటసేపు మాట్లాడి ఉన్నాను కనుక నొచ్చుకున్నాను.

‘ఇది నేను చూశానండీ,’ అంది మా ఆవిడ కాగితం తుడుస్తూ. ‘మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఓటీటీలో కనిపించింది. పాయిఖానాలు కడిగే ఆయన కథే కదా? పొద్దున్నే పరుపు మడిచి, మొక్కలకు నీళ్లు చిలకరించి, గుమ్మం దాటగానే ఆకాశం వంక చూస్తాడు. మా నాన్న గుర్తొచ్చాడు. అవునూ, ఆఖర్న బండి నడుపుతూ అంతసేపు అలా ఉంటాడు కదా, ఆయన నవ్వుతున్నట్టా, ఏడుస్తున్నట్టా? నాకు తేలలేదు. మీరైతే చెబుతారు.’

గొంతు సవరించుకున్నాను. జపానులో అది 2023 డిసెంబరు 22న విడుదలైందని చెప్పాను.